మన మాట ఎదుటివారికి ఎలా వినిపిస్తోందో తెలుసుకుని సరిదిద్దుకునే పద్ధతి

ఒకే వాక్యం ఒకరి నోట సలహాగానూ మరొకరి నోట పెత్తనంగానూ వినిపించడం అందరికీ అనుభవమైన సంగతే. మెల్లగా మాట్లాడేవారికి విషయం తెలియదని, గట్టిగా మాట్లాడేవారికి పొగరని, ఆగి ఆగి మాట్లాడేవారు ఏదో దాస్తున్నారని వినేవారు ఇట్టే తేల్చేస్తారు. 2014లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 64 మంది పలికిన ‘హలో’ అనే ఒక్క మాటను 320 మందికి వినిపించి వారి అభిప్రాయాలు అడిగారు. సెకనుకు మించని ఆ పలుకును విని, ఏ గొంతు నమ్మదగినది, ఏది పెత్తనం చేసేది అన్న విషయంలో విన్నవారు చాలావరకు ఒకే మాట మీద నిలిచారు. అయితే పదిమంది ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు. ఆ గొంతుల వెనుక ఉన్న మనుషులు నిజంగా అలాంటివారేనా అన్నది ఆ ప్రయోగం తేల్చిన విషయం కాదు.

మాట తీరును మెరుగుపరుచుకోమని చెప్పే సలహాలలో ఎక్కువ భాగం భారమంతా మాట్లాడేవారి మీదే మోపుతాయి. అది సగం పని మాత్రమేనని నా అభిప్రాయం. మన మాటలో మన శరీరం, మనం పెరిగిన వాతావరణం, మన స్వభావం, ఆ క్షణాన మనం ఉన్న స్థితి కలగలిసి ఉంటాయి. వినేవారు మాత్రం వాటన్నిటినీ ఒక్కటిగా ముద్దచేసి, ‘ఈ మనిషి తీరే ఇంత’ అని స్వభావం ఖాతాలో వేసేస్తారు. దేని వాటా ఎంతో విడదీయకుండా దిద్దుబాటుకు పూనుకుంటే, మార్చనవసరం లేనిదాన్ని మార్చబోయి అలసిపోతాం, మార్చదగినదాన్ని గమనించకుండానే వదిలేస్తాం. అందువల్ల ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో ముందు మనల్ని మనం వినడం, తర్వాత విడదీయడం, ఆ తర్వాతే కొద్దిగా మార్చడం ఉంటాయి. ఇతరులను వినే మన చెవిని కూడా అదే పరీక్షకు నిలబెట్టడం చివరి భాగం. దాన్ని దాటవేయాలనిపిస్తుంది గాని, దాటవేయకూడదు.

మొదట వినడం

మీకు బాగా తెలిసిన ఒకరితో, వారి అనుమతి తీసుకుని, అరగంట సంభాషణను ఫోనులో రికార్డు చేయండి. ఏదైనా పుస్తకంలోని పేజీని చదివి రికార్డు చేసుకోవడం సులువే గాని, దానివల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే చదివేటప్పుడు మనిషి తన అత్యంత జాగ్రత్త గల గొంతులోకి వెళ్లిపోతాడు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1962లో న్యూయార్క్‌లోని మూడు పెద్ద దుకాణాలలో చేసిన పరిశీలన ఈ విషయాన్ని చక్కగా చూపిస్తుంది. ‘నాలుగో అంతస్తు’ అనే జవాబు వచ్చేలా ఆయన అక్కడి ఉద్యోగులను ఒక ప్రశ్న అడిగి, ఆ ఆంగ్ల పదాలలో (‘ఫోర్త్ ఫ్లోర్’) రకారం, అంటే ‘ర్’ ధ్వని, పలుకుతున్నారో లేదో గమనించారు. ఆపైన వినపడనట్టు నటించి మళ్లీ అడిగారు. ఖరీదైన దుకాణంలో రకారం ఎక్కువగా, చవక దుకాణంలో తక్కువగా వినిపించింది. దానికి తోడు, రెండోసారి శ్రద్ధగా చెప్పినప్పుడు రకారం పెరిగింది. అంటే ఒకే మనిషి నోట ఒకే నిమిషంలో రెండు రకాల మాటలు వచ్చాయన్నమాట. తమ మాటను గమనిస్తున్నారని తెలిసినవారు మామూలుగా మాట్లాడరు, అయినా పరిశోధకుడికి కావలసింది ఆ మామూలు మాటే; ఈ చిక్కుముడి గురించి లబోవ్ తర్వాత విస్తృతంగా రాశారు. మీ రికార్డింగులో మొదటి పది నిమిషాలను పక్కన పెట్టేయడానికి కారణం ఇదే. ఫోను ఉందన్న ధ్యాస పోయాక వచ్చిన మాటే మీ మాట.

రికార్డింగు వినగానే ‘ఇది నా గొంతేనా’ అనిపించడం సహజం. మాట్లాడుతున్నప్పుడు మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా లోపలి చెవికి చేరుతుంది, ఎముకలు లోతైన ధ్వనులను బాగా మోస్తాయి. రికార్డింగులో ఆ భాగం ఉండదు కనుక గొంతు పల్చగా, కొత్తగా తోస్తుంది. ఇతరులు ఎప్పుడూ వింటున్నది ఆ పల్చని గొంతునే, వారికి అందులో వింతేమీ లేదు. మొదటిసారి విన్నప్పుడు కలిగిన అయిష్టం మీద ఏ నిర్ణయమూ తీసుకోకుండా, ఒకరోజు ఆగి మళ్లీ వినడం మంచిది.

రెండోసారి వినేటప్పుడు ఐదు నిమిషాల భాగాన్ని కాగితం మీదికి ఎక్కించండి, ఏదీ శుభ్రం చేయకుండా. ‘అంటే’, ‘అదే’, ‘ఏమో’ వంటివి ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ రాయాలి. మీరు ఎక్కడ ఆగారు, ఎదుటివారి మాట పూర్తికాకముందే ఎక్కడ అందుకున్నారు, వాక్యం చివర గొంతు ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ వినపడనంతగా జారిపోయింది, ఎదుటివారు చెబుతున్నప్పుడు ఊ కొట్టారా లేదా అన్నవన్నీ గుర్తులతో చూపాలి. ఇది విసుగు పుట్టించే పనే. ఐదు నిమిషాల మాటను రాయడానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. కాని ఇక్కడ తొందరపడినవారు తర్వాత చేసేదంతా ఊహల మీద నడుస్తుంది.

విడదీయడం

కాగితం మీద ఉన్న ప్రతి గుర్తు పక్కనా, ఇది శరీరం వల్ల వచ్చిందా, పెరిగిన తీరు వల్ల వచ్చిందా, స్వభావం వల్లనా, సందర్భం వల్లనా అని రాసుకోవాలి. కొన్నిటికి రెండు మూడు కారణాలు ఉండవచ్చు. అది మామూలే.

శరీరం సంగతి త్వరగా తేలుతుంది. యుక్తవయసులో మగవారి స్వరతంత్రులు పొడవుగా, మందంగా పెరగడం వల్ల వయోజన పురుషుల గొంతు సాధారణంగా సెకనుకు 85 నుంచి 180 కంపనాల మధ్య, స్త్రీల గొంతు 165 నుంచి 255 కంపనాల మధ్య ఉంటుంది. ఈ తేడాకు తెలివితోగాని, ధైర్యంతోగాని సంబంధం లేకపోయినా, లోతైన గొంతును నాయకత్వ లక్షణంగా వినే అలవాటు జనంలో బలంగా ఉంది. నత్తి కూడా ఇలాంటిదే. పెద్దవారిలో సుమారు నూటికి ఒకరికి ఉండే ఈ స్థితికి మూలం మెదడులో మాట రూపొందే తీరులోను, వంశపారంపర్యంలోను ఉందే తప్ప పిరికితనంలో లేదు. అయినా నత్తి ఉన్నవారిని బెరుకు మనుషులుగా భావించడం ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, వారిని ఎరిగినవారిలో కూడా కొందరు ఆ భావన నుంచి బయటపడలేరు. శరీరం అన్న గుర్తు పడినవాటిలో చాలావాటిని మార్చే పని పెట్టుకోవద్దు. గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోతే మాత్రం అది మాట తీరుకు సంబంధించిన విషయం కాదు, వైద్యుడికి చూపించవలసిన విషయం.

పెరిగిన తీరు అనేది యాసతో మొదలవుతుంది గాని, యాసతో ఆగదు. ఒకరు ఆపాక ఇంకొకరు ఎంతసేపటికి అందుకోవాలి అన్నది కూడా మనం చిన్నప్పుడే నేర్చుకుంటాం. 2009లో పది భాషలలోని సంభాషణలను పోల్చిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రశ్నకు, జవాబుకు మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతు. జపనీయులలో అది దాదాపు శూన్యం, డేనిష్ మాట్లాడేవారిలో దాదాపు అరసెకను. ఒక పదాన్ని ఆలోచించి పలకడానికే మెదడుకు అరసెకనుకు పైగా పడుతుందని తెలిసినప్పుడు ఈ అంకె అసలు అర్థం బోధపడుతుంది: ఎదుటివారు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నాం. ఇంత సన్నని కాలవ్యవధిలో నడిచే వ్యవహారంలో పావుసెకను తేడా కూడా వ్యక్తిత్వంగా వినిపిస్తుంది. ఎక్కువ విరామానికి అలవాటుపడినవారు తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఉండగా, తక్కువ విరామానికి అలవాటుపడినవారు ‘ఇతనికి చెప్పడానికి ఏమీ లేదు కాబోలు’ అనుకుని మళ్లీ అందుకుంటారు. మొదటివారి దృష్టిలో రెండోవారు నోరు మూయని మొండివారు. రెండోవారి దృష్టిలో మొదటివారు మనసు విప్పని మనుషులు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త డెబోరా టానెన్ 1978లో ఒక విందు సంభాషణను రికార్డు చేసి చేసిన విశ్లేషణలో కూడా ఇదే కనిపించింది. మాట మీద మాట వేయడం కొందరికి ఉత్సాహానికి, ఆప్యాయతకు గుర్తు కాగా, అదే బల్ల దగ్గర కూర్చున్న మరికొందరికి అది అడ్డు తగలడంగా తోచింది. ఇరువైపులా దురుద్దేశం లేదు. అందుకే మీ కాగితం మీద ‘అడ్డు వచ్చాను’ అన్న గుర్తు కనిపించగానే, మీరు దురుసు మనిషని తీర్పు రాసుకోవద్దు; మీరు అందుకున్నాక ఎదుటివారు మరింత ఉత్సాహంగా సాగారా, లేక ముడుచుకుపోయారా అన్నది పక్కన రాయండి. ఆ ఒక్క సమాచారం చాలా విషయాలు తేలుస్తుంది.

స్వభావం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. కలుపుగోలు మనుషులు ఎక్కువగా, వేగంగా, తక్కువ విరామాలతో మాట్లాడతారన్నది స్థూలంగా నిజమే, మితభాషులు ఆలోచించి, సందేహాన్ని అంటిపెట్టుకుని మాట్లాడతారన్నదీ నిజమే. కాని స్వభావం అని మనం అనుకునేదానిలో పెద్ద భాగం నిజానికి హోదా. 1975లో రాబిన్ లేకాఫ్ అనే భాషాశాస్త్రవేత్త స్త్రీల మాటలో ఎక్కువగా కనిపిస్తాయంటూ కొన్ని లక్షణాలను పేర్కొన్నారు: తటపటాయింపు పదాలు, అతి మర్యాద, చెప్పినదాన్నే ‘కదా?’ అంటూ ప్రశ్నగా మార్చడం వంటివి. విలియం ఓబార్, బోమన్ అట్కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని నార్త్ కరొలైనా న్యాయస్థానాలలో సాక్షుల మాటలను పరిశీలించి 1980లో ప్రచురించిన వ్యాసంలో, ఆ లక్షణాలు స్త్రీలందరిలోనూ లేవని, కోర్టు అనుభవం గాని, సమాజంలో స్థానం గాని లేని పురుషులలోనూ అవి ఉన్నాయని, నిపుణులుగా సాక్ష్యమిచ్చిన స్త్రీలలో అవి అరుదని చూపారు. అదే బృందం చేసిన మరో ప్రయోగంలో, ఒకే సాక్ష్యాన్ని తటపటాయింపులతో చెప్పినప్పుడు వినేవారు దాన్ని తక్కువగా నమ్మారు. అంటే అధికారం లేని చోట నిలబడిన మనిషి నీళ్లు నములుతాడు, నీళ్లు నమిలినందుకే అతన్ని నమ్మరు, నమ్మనందువల్ల అతని స్థానం అక్కడే ఉండిపోతుంది.

కాబట్టి ‘నాది బెరుకు స్వభావం’ అని రాసుకునే ముందు, అదే లక్షణం మీరు పెద్ద స్థానంలో ఉండే చోట, అంటే మీకంటే చిన్నవారితోనో, మీకు బాగా తెలిసిన పని గురించో మాట్లాడేటప్పుడు కనిపిస్తుందో లేదో చూడండి. వీలైతే అలాంటి రెండో రికార్డింగు తీసుకోండి. అక్కడ అది మాయమైతే, మీరు మార్చుకోవలసింది స్వభావాన్ని కాదు.

వినేవారి వాటా

ఇంతవరకు చెప్పినదంతా మాట్లాడేవారి వైపు కథ. రెండో వైపు గురించి దశాబ్దాలుగా ఆధారాలు పోగుపడుతున్నా, మాట నేర్పే పాఠాలలో వాటి ఊసు తక్కువ. 1960లో మనస్తత్వ శాస్త్రవేత్త వాలెస్ లాంబర్ట్ బృందం కెనడాలోని మాంట్రియల్‌లో, రెండు భాషలూ సొంత భాషల్లా వచ్చినవారి చేత ఒకే పాఠాన్ని ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ చదివించి, వేర్వేరు మనుషులని నమ్మించి వినిపించింది. ఇంగ్లీషు గొంతును తెలివైనదిగా, నమ్మదగినదిగా ఎంచినవారిలో ఫ్రెంచి మాట్లాడేవారు కూడా ఉన్నారు. మనిషి ఒక్కడే, మారింది భాష మాత్రమే, అయినా గుణగణాలే మారిపోయినట్టు తోచాయి. 1992లో డొనాల్డ్ రూబిన్ ప్రచురించిన ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వేసింది. అమెరికన్ ఉచ్చారణలో ఉన్న ఒకే ఉపన్యాసాన్ని రికార్డు చేసి, ఒక విద్యార్థి బృందానికి తెల్లజాతి స్త్రీ ఫొటోతోను, ఇంకో బృందానికి ఆసియా స్త్రీ ఫొటోతోను వినిపించారు. ఆసియా ముఖం చూసినవారికి లేని యాస వినిపించింది, ఉపన్యాసం కూడా తక్కువగా అర్థమైంది. ఇక్కడ మాట్లాడినవారు సరిదిద్దుకోవలసింది ఏముంది?

ఆటిజం ఉన్నవారి విషయంలోనూ ఇదే తేలింది. 2017లో నోవా సాసన్, సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉన్న పెద్దవారి వీడియోను, గొంతును చూసి విన్నవారు క్షణాలలో ప్రతికూల అభిప్రాయం ఏర్పరచుకున్నారు. అదే మాటను అక్షరాలలో చదివినవారికి మాత్రం అలాంటి అభిప్రాయం కలగలేదు. మాటలోని విషయం సరిగ్గానే ఉంది, చెప్పిన తీరు వారి అంచనాకు సరిపోలేదు, అంతే.

ఈ భాగం చదివి ‘అయితే ఇక నేను మార్చుకోవలసింది ఏమీ లేదు’ అనుకోవడం కూడా పొరపాటే. వినేవారి వాటా ఎంతో తెలిస్తే, మిగిలిన మన వాటా మీద శ్రమ పెట్టడం తేలికవుతుంది. దాన్ని తెలుసుకునే మార్గం సులభం: రికార్డింగులోని మూడు నిమిషాల భాగాన్ని మిమ్మల్ని ఎరిగిన ఒకరికి, అక్షరాలలో రాసిన అదే భాగాన్ని, పేరు తీసేసి, మిమ్మల్ని ఎరగని ఇంకొకరికి ఇచ్చి, ఈ మనిషి ఏం అడుగుతున్నారు, ఎంత ఖచ్చితంగా చెబుతున్నారు అని ఇద్దరినీ అడగండి. ఇద్దరూ ఒకే లోపం చెబితే అది మాటలో ఉంది. విన్నవారికి మాత్రమే తోచిన లోపం గొంతులోనో, మీ గురించి వారికి ముందే ఉన్న అభిప్రాయంలోనో ఉంది. మనుషులు ఇద్దరే కనుక ఇది శాస్త్రీయ పరీక్ష కాదు, కాని ఒంటరిగా అద్దం ముందు నిలబడి ఊహించుకోవడం కంటే వెయ్యిరెట్లు నయం.

మార్చదగినవి

పెద్దయ్యాక మాట మారదన్న నమ్మకం నిజం కాదు. బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ 1950ల నుంచి 1980ల వరకు ఏటా క్రిస్మస్‌కు ఇచ్చిన ప్రసంగాలలోని అచ్చులను కొలిచి జొనాథన్ హారింగ్టన్ బృందం 2000లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆమె ఉచ్చారణ దక్షిణ ఇంగ్లండులోని యువతరం మాట వైపు జరిగింది. మార్చుకోవలసిన అవసరం ఏ మాత్రం లేని మనిషి మాటే అలా జరిగినప్పుడు, పూనుకుని ఒక అలవాటును మార్చుకోవడం అసాధ్యం కాదు. అయితే ఒకసారి ఒక్కటే ఎంచుకోవాలి. మూడు నాలుగు పెట్టుకుంటే మాట్లాడే విషయం మీద ధ్యాస పోయి, అసలుకే మోసం వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది విరామం. మీరు త్వరగా అందుకునే రకమైతే, ఎదుటివారు ఆగాక ఒక ఊపిరి తీసుకుని మొదలుపెట్టండి. ఆ ఖాళీ మీకు భరించలేనంత పొడవుగా అనిపిస్తుంది గాని, ఎదుటివారికి అంత పొడవుగా తోచదు. మీరు ఆలస్యంగా అందుకునే రకమైతే, వేగంగా ఆలోచించడం నేర్చుకోనక్కర్లేదు. ముందుగా చోటు ఖాయం చేసుకునే వాక్యం ఒకటి సిద్ధంగా ఉంచుకుంటే చాలు: ‘దీని మీద నేను రెండు విషయాలు చెప్పాలి’ అన్నాక ఎంత నెమ్మదిగా చెప్పినా వింటారు, ఎందుకంటే రెండోది వచ్చేదాకా మీ వంతు ముగియదని అందరికీ తెలుసు. సమావేశాలలో తన మాట ఎవరూ పట్టించుకోవడం లేదని బాధపడేవారికి గొంతు పెంచమని చెప్పడం కంటే ఇది మెరుగైన సలహా అని నేను గట్టిగా నమ్ముతాను.

తటపటాయింపు పదాలను ఏరి పారేయాలని చాలామంది చెబుతారు. దానితో నేను ఏకీభవించను. సందేహం ఉన్నచోట ‘అనుకుంటాను’ అనడం నిజాయితీ. సందేహం లేనిచోట అనడమే చిక్కు. ‘మీకు వీలైతే ఈ నివేదిక ఒకసారి చూస్తే బాగుంటుందేమో అనిపిస్తోంది’ అనే వాక్యంలో చూడవలసిన అవసరం మీదే సందేహం పడింది. విన్నవారు చూడకపోతే తప్పు వారిది కాదు. ‘ఈ నివేదికను గురువారంలోగా చూడండి, మూడో పేజీలోని లెక్క సరైనదో కాదో నాకు నమ్మకం లేదు’ అన్నప్పుడు కోరిక స్పష్టంగా ఉంది, సందేహం ఉండవలసిన చోట ఉంది, మర్యాద ఎక్కడా తగ్గలేదు. పెద్దవారితో, పై అధికారులతో మాట్లాడేటప్పుడు మర్యాదను సంబోధనలోను, క్రియలోను చూపాలి. విషయాన్ని మసకబరచి చూపకూడదు. మీ కాగితంలోని ఐదు తటపటాయింపు వాక్యాలను తీసుకుని, ప్రతిదానిలోనూ సందేహం నిజంగా దేనిమీద ఉందో గుర్తించి తిరగరాయడం మంచి సాధన.

గొంతు విషయంలో మార్చదగినవి రెండే. వాక్యం చివరకు వచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు జారిపోవడం ఒకటి. తెలుగులో క్రియ సాధారణంగా చివరనే ఉంటుంది కనుక, చేస్తానన్నారో చేయనన్నారో తెలిపే భాగమే ఎదుటివారికి అందదు. చిన్న వాక్యాలు మాట్లాడటం, మధ్యలో ఊపిరి తీసుకోవడం దీనికి మందు. రెండోది చప్పుడులో మాట్లాడటం. చుట్టూ గోల ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎటియెన్ లోంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే వివరించారు, అలా పెరిగిన గొంతులో కోపం వినిపిస్తుంది. ముఖ్యమైన మాటకు చోటు మార్చడమే మేలు. కావాలని గొంతును లోతుగా చేసుకోవడం మాత్రం వద్దు, ఎక్కువ కాలం చేస్తే గొంతు అలసిపోతుంది, వినేవారికి నటన తెలిసిపోతుంది.

యాసను వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. కొత్తవారితో మాట్లాడేటప్పుడు పేర్లు, అంకెలు, తేదీలు, విషయానికి కీలకమైన ఒకటి రెండు పదాలు నెమ్మదిగా పలికి, మిగిలినదంతా మీ సహజ ధోరణిలో సాగనివ్వండి. ఫోనులో ఇది మరీ అవసరం, ఎందుకంటే పాత పద్ధతి ఫోను లైన్లు సెకనుకు 300 నుంచి 3400 కంపనాల మధ్య ధ్వనినే మోస్తాయి. ‘స’, ‘ఫ’ వంటి ధ్వనుల బలం చాలావరకు ఆ పరిధికి పైన ఉంటుంది కనుక, యాస ఏదైనా సరే, అక్కడ పేర్లు తారుమారవుతాయి.

మాటలోని విషయం 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, ముఖకవళికలు అని చెప్పే లెక్క ఒకటి ఉపన్యాసాలలో తరచూ వినిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాల నుంచి అది పుట్టింది. అవి ఒక్కొక్క పదాన్ని వేర్వేరు గొంతులతో, ముఖాలతో జతచేసి, పలికినవారి ఇష్టాయిష్టాలను ఎలా గ్రహిస్తారో చూసిన ప్రయోగాలు. అన్ని రకాల సంభాషణలకూ ఆ లెక్క వర్తించదని ఆయనే స్పష్టం చేశారు. ఆ అంకెలను నమ్మి విషయం మీద శ్రమ తగ్గించుకున్నవారు నష్టపోతారు.

మన చెవిని సరిచేసుకోవడం

వినేవారిగా మొదటి నియమం: కొత్త యాసను వింటున్నప్పుడు మొదటి ఒకటి రెండు నిమిషాల ఇబ్బందిని లెక్కలోకి తీసుకోవద్దు. కొత్త ఉచ్చారణను వినేవారి వేగం నిమిషంలోపే మెరుగుపడుతుందని 2004లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆ నిమిషంలో పడిన శ్రమను మనం మాట్లాడేవారి ఖాతాలో వేస్తాం. 2010లో షిరి లెవ్-ఆరి, బోయజ్ కైజర్ చూపినట్టు, పరాయి యాసలో పలికిన మామూలు వాస్తవాలను కూడా వినేవారు కొంత తక్కువగా నమ్మారు. ఆ ప్రభావం గురించి ముందే హెచ్చరించినప్పుడు, యాస స్వల్పంగా ఉన్నచోట అది సర్దుకుంది గాని, గాఢంగా ఉన్నచోట మిగిలిపోయింది. ఒట్టి ఎరుక చాలదు, పద్ధతి కావాలి.

ఇంటర్వ్యూలోనో, ఎంపికలోనో కూర్చున్నవారికి ఆ పద్ధతి ఇలా ఉండాలి. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుసలో వేయాలి. జవాబు వింటున్నప్పుడు చెప్పినది మాత్రమే రాసుకోవాలి. ‘తడబడ్డారు’, ‘చురుకుగా ఉన్నారు’ వంటివి ఆ కాగితం మీద ఉండకూడదు. మార్కులు ఆ రాతను చూసి వేయాలి, అదీ తోటివారితో చర్చించకముందే. తర్వాత ఎవరైనా ‘అతనిలో ఆత్మవిశ్వాసం కనిపించలేదు’ అంటే, ఏ జవాబులో, ఏ వాక్యంలో అని అడగాలి. చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఉద్యోగానికి నిజంగా వాక్చాతుర్యమే అవసరమైతే, దాన్ని విడిగా, దాని పేరుతోనే కొలవాలి గాని, తెలివితేటల మార్కులలో కలిపేయకూడదు.

నత్తి ఉన్నవారి వాక్యాన్ని పూర్తి చేయవద్దు, ‘నిదానంగా చెప్పండి’ అనవద్దు; చూపు తిప్పకుండా మామూలుగా వినడమే వారికి కావలసింది. వయసు మీద పడినవారికి ముందుగా తగ్గేది సన్నని ధ్వనులు వినే శక్తి కనుక, వారితో అరిచి మాట్లాడినందువల్ల అచ్చులు పెద్దవవుతాయే తప్ప హల్లులు తేటపడవు. ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. అర్థంకాకపోతే ‘ఏమిటి?’ అని ఊరుకోకుండా, ‘గురువారం అన్నది వినిపించింది, సమయం వినిపించలేదు’ అని అందిన మేరకు చెప్పి, అందనిదాన్ని అడిగితే, మాట్లాడేవారు మొత్తం మళ్లీ మొదలుపెట్టే అవస్థ తప్పుతుంది. మీరు మాట్లాడుతున్నప్పుడు కూడా, ‘అర్థమైందా?’ అన్న ప్రశ్నకు మర్యాద కొద్దీ అందరూ అవుననే అంటారు. ‘నేను చెప్పినదాన్ని బట్టి మీరు ముందు ఏం చేస్తారు?’ అని అడిగితే నిజం తెలుస్తుంది.

ఆరేడు వారాల తర్వాత, అదే మనిషితో, అదే తరహా విషయం మీద మళ్లీ రికార్డు చేసి, మీరు ఎంచుకున్న ఒక్క అలవాటును మాత్రమే పాత కాగితంతో పోల్చండి. మారితే రెండోదానికి వెళ్లవచ్చు. అలవాటు మారినా ఫలానా ఒక్కరు మాత్రం మీ మాటను పెడసరంగానే తీసుకుంటుంటే, మూడో రికార్డింగుకు పోకుండా, ఏకాంతంగా ఉన్నప్పుడు వారినే అడగండి: ‘నిన్న నేను ఆ మాట అన్నప్పుడు మీకు నా ఉద్దేశం ఏమని తోచింది?’